నీటి జమాఖర్చు: ఓరుగంటి చెరువులు నేర్పిన లెక్క

మన కొత్తవాడ గ్రంథాలయమునకు ఇరువదియైదు సంవత్సరములు నిండిన ఈ శుభసమయమున, రజతోత్సవ సంచికకు ఒక చారిత్రక వ్యాసము వ్రాసి ఇమ్మని కార్యవర్గమువారు నన్ను కోరిరి. నేను కళాశాల మెట్లెక్కిన పండితుడను కాను. గ్రామ లెక్కలు వ్రాయుట నా వృత్తి. రాత్రివేళ పాత గ్రంథములు తిరుగవేయుట నా వ్యసనము. భారత భాగవతములను, అర్థశాస్త్రమును, శాసన సంపుటములను నేను చదివినది ఈ గ్రంథాలయపు బల్లల మీదనే. కావున నాకు తెలిసిన రెండు విద్యలను, అనగా లెక్కను, పాత చదువును కలిపి, మనకందరకును సంబంధించిన ఒక విషయమును మనవి చేయ సాహసించుచున్నాను. ఆ విషయము నీరు.

2016వ సంవత్సరపు వేసవిలో మనము చెరువుల అడుగున నెర్రెలు వారిన మట్టిని చూచితిమి. 2023వ సంవత్సరపు జూలైలో చెరువుల నీరు కట్టలు దాటి వీధులలోనికి వచ్చుట చూచితిమి. ఒకే నేల, ఒకే ఆకాశము. ఒకనాడు కరువు, మరొకనాడు వరద. కాలము మారినదని పెద్దలు నిట్టూర్చి ఊరకుందురు. లెక్కలవాడు ఊరకుండరాదు. ఏ పద్దు ఎక్కడ తప్పినదో వెదకి చూడవలెను.

ఏ గ్రామపు లెక్కకైనను మూడు గళ్ళుండును: జమ, ఖర్చు, నిలువ. నదికిని అంతియే. ఒక నదిలోనికి నీరు జారు నేలయంతటిని ఆ నది పరివాహక ప్రాంతమందురు. ఆ నేలపై కురిసిన వాన జమ. ఎండకు ఆవిరియై పోవునది, చెట్లును పైరులును త్రాగి ఆకుల గుండా గాలిలోనికి విడుచునది, వాగులై నదియై సముద్రమునకు పోవునది ఖర్చు. చెరువులందును, మట్టియందును, బావుల అడుగున రాతి పొరలయందును మిగులునది నిలువ. శాస్త్రజ్ఞులు దీనిని జల సమతుల్యత అందురు. మనము నీటి జమాఖర్చు అందము.

ఉదాహరణకు గోదావరిని తీసికొందము. నాసికము చెంత త్ర్యంబకమున పుట్టి, 1,465 కిలోమీటర్లు ప్రవహించి, ఆ నది బంగాళాఖాతమున కలియును. దాని పరివాహక ప్రాంతము 3,12,812 చదరపు కిలోమీటర్లు. ఆ నేలపై ఏటికి సగటున సుమారు 1,100 మిల్లీమీటర్ల వాన కురియును. నదిలో పారు నీరు ఏటికి సగటున సుమారు 11,000 కోట్ల ఘనపు మీటర్లు. దానిని ఆ నేలయంతటను సమముగా పరచినచో 350 మిల్లీమీటర్ల లోతగును. అనగా కురిసిన మూడు పాళ్ళలో ఇంచుమించు ఒక పాలు మాత్రమే నది. రెండు పాళ్ళు తిరిగి ఆకాశమునకే చెల్లును.

ఇచ్చట నొక చిన్న లెక్క వేయుదము. వాన తగ్గలేదనుకొందము. ఎండ పెరిగి, 750 మిల్లీమీటర్ల ఆవిరి ఖర్చు నూటికి 5 వంతులు మాత్రము పెరిగినదనుకొందము. ఆ పెరుగుదల సుమారు 37 మిల్లీమీటర్లు. అది ఎక్కడనుండి రావలెను? నది పాలైన 350 నుండియే రావలెను. అప్పుడు నదికి నూటికి 10 వంతుల లోటు. ఖర్చు 5 వంతులు పెరుగగా, మిగులు 10 వంతులు తరుగును. సంసారపు చిట్టా వ్రాయు గృహస్థునకు ఈ లెక్క క్రొత్త కాదు. ఎండ ఒక్క డిగ్రీ పెరిగిన నేమి అని తేలికగా పలుకువారు ఈ లెక్కను ఒకసారి వేసి చూతురుగాక.

ఇక మన ఊరి సంగతి. ఓరుగల్లు సీమ రెండు మహానదుల పరివాహకముల నడుమనున్న గట్టు. పాఖాల చెరువు నీరు మున్నేటి గుండా కృష్ణను చేరును. రామప్ప, లక్నవరము చెరువుల మిగులు నీరు గోదావరిని చేరును. గట్టుమీద నున్న ఊరికి ఇంటిముందర మహానది ఉండదు. ఆకాశము నుండి పడిన చుక్కయే దానికి ఆధారము. ఈ సత్యమును మన పూర్వులు మనకంటె బాగుగా ఎరిగియుండిరి.

వానను కొలుచుట పరదేశముల నుండి మనకు వచ్చిన విద్య అని కొందరనుకొందురు. కౌటిల్యుని అర్థశాస్త్రమును మైసూరున శామశాస్త్రిగారు వెలికి తెచ్చి 1909లో ముద్రించిరి. అందు, ధాన్యము నిలువచేయు కోష్ఠాగారమున మూరెడు వెడల్పు మూతిగల కుండమును వాన కొలుచుటకై ఉంచవలెనని విధింపబడినది. ఏ దేశమున ఎన్ని ద్రోణముల వాన కురియునో కూడ అందు వ్రాయబడియున్నది: మెట్ట ప్రాంతములైన జాంగల దేశములకు 16, అవంతికి 23, మన గోదావరి తీరపు అశ్మకమునకు సైతము వేరుగా ఒక లెక్క కలదు. అంతటితో ఆ గ్రంథకర్త తృప్తి పడలేదు. వానకాలపు నాలుగు నెలలలో మొదటి, చివరి నెలలందు మూడవ వంతును, నడిమి రెండు నెలలందు తక్కిన రెండు వంతులును కురిసిన సంవత్సరమే మంచి సంవత్సరమని నిర్ణయించెను. మొత్తము ఎంత అనుటతో పాటు, ఏ నెలలో ఎంత అనునదియు ఆయనకు ముఖ్యమయ్యెను.

నేను గ్రామ లెక్కలలో చేరిన క్రొత్తలో, ఒక వృద్ధ నీరటి నాకు ఇదే శాస్త్రమును ఒక్క మాటలో చెప్పెను. ఆ ఏటి వాన లెక్క వ్రాసికొనుటకు నేను మత్తడి యొద్దకు పోయి, వాన ఎంత పడినదని అడిగితిని. అతడు తూము మీద కూర్చుండి చుట్ట ఆర్పి, "వానెంత పడ్డదని అడుగకు పంతులూ, ఎన్నొద్దులు పడ్డదో అడుగు" అనెను. అతనికి అక్షరము రాదు. అర్థశాస్త్రము పేరు విని యెరుగడు. ఆనాడు నేను నవ్వి ఊరకుంటిని. ఆ మాట విలువ నాకు తెలియుటకు ఇరువదియేండ్లు పట్టెను.

ఎన్ని పొద్దులు పడునో తెలియని వానను నమ్ముకొని బ్రతుకుట ఎట్లు? దీనికి కాకతీయులు చెప్పిన సమాధానము చెరువు. గణపతిదేవుడు రాజ్యమేలిన కాలమున (1199–1262) జగదాళ ముమ్మడి పాఖాల చెరువును, రేచర్ల రుద్రుడు పాలంపేట చెంత రామప్ప చెరువును కట్టించిరి. ఆ రుద్రుడు 1213లో ప్రతిష్ఠించిన రామప్ప దేవాలయము 2021లో ప్రపంచ వారసత్వ స్థానమందెను. గుడిని చూడవచ్చు యాత్రికులు ప్రక్కనున్న చెరువును కూడ అదే కన్నుతో చూడవలెనని నా మనవి. గణపతిదేవుని సోదరి మైలాంబ బయ్యారమున ధర్మకీర్తి సముద్రమును త్రవ్వించెను. ఆ చెరువు శాసనమే నేడు కాకతీయుల వంశక్రమమును తెలుసుకొనుటకు చరిత్రకారులకు ఆధారమైనది. చెరువు త్రవ్వించుటను పుత్రునితో సమానముగ సప్తసంతానములలో చేర్చిన జాతి మనది.

ఆ చెరువులు ఒంటరివి కావు. పై చెరువు మత్తడి దూకిన నీరు కాలువ పట్టి క్రింది చెరువును చేరును. అది నిండి దాని క్రిందిదానిని చేరును. దీనినే గొలుసుకట్టు అందురు. చెరువు నీటిని పుట్టింపదు. పరుగెత్తు నీటిని నిలబెట్టి, నెమ్మదిగా నడువుమనును. మూడు దినములలో కృష్ణకో గోదావరికో పోవలసిన నీరు ఆరు నెలలు ఊరిలో నిలుచును. అందులో కొంత ఆవిరియగుట నిజమే. కాని కొంత నేలలోనికి ఇంకి బావులకు ఊటయగును, కొంత పైరునకు పోవును. నీటి పద్దులో ఖర్చు గడి నుండి నిలువ గడికి మార్చుటయే చెరువు చేయు పని.

చెరువు కట్టువారికి ఎంత శాస్త్రజ్ఞానము ఉండెడిదో తెలియగోరువారు కడప మండలమందలి పోరుమామిళ్ళ శాసనమును చూడవలెను. క్రీ.శ. 1369లో విజయనగర రాజకుమారుడు భాస్కర భవదూరుడు వేయించిన ఆ శాసనమున మంచి చెరువునకు పండ్రెండు అంగములును, చెరువునకు రాగల ఆరు దోషములును చెప్పబడినవి. నీరు కొంచెమై సాగు నేల విస్తారమగుట ఒక దోషము. నీరు విస్తారమై నేల కొంచెమగుట మరొక దోషము. ఆరు దోషములలో రెండు కేవలము జమాఖర్చుల పొందిక తప్పుటయే. కట్టకు వాడిన రాతికంటె ఈ పొందిక చెరువునకు ప్రాణమని వారెరిగియుండిరి.

అయినచో పూర్వము కరువులు వరదలు లేవా యని మీరడుగవచ్చును. లేకేమి? ధాత నామ సంవత్సరమున మొదలైన 1876–78 నాటి కరువును మన తాతల తాతలు కథలుగా చెప్పిరి. 1908 సెప్టెంబరు 28న మూసీనది పొంగి హైదరాబాదును ముంచెను. పైనున్న చెరువులు అనేకము తెగి ఆ వరదకు తోడయ్యెను. గొలుసున ఒక కడియము తెగిన తక్కినవి తెగుట సులభము. ఆ విపత్తు తరువాత విశ్వేశ్వరయ్యగారి సలహాపై ఉస్మాన్ సాగరము, హిమాయత్ సాగరము వెలసెను. కావున ప్రతి వరదను క్రొత్త యుగపు పాపముగా చెప్పుట న్యాయము కాదు. నేడు క్రొత్తగా వచ్చినదేమో విడదీసి చూడవలెను.

బొగ్గు కాల్చుటచే గాలిలో చేరు అంగారక వాయువు భూమిని వేడిచేయునని స్వీడను దేశపు శాస్త్రజ్ఞుడు ఆరీనియస్ 1896లోనే లెక్క కట్టెను. ఆ లెక్క నేడు కంటికి కనబడుచున్నది. 2024వ సంవత్సరమున భూమి సగటు ఉష్ణము, యంత్రయుగపు తొలినాళ్ళకంటె సుమారు ఒకటిన్నర డిగ్రీలు ఎక్కువగా నుండెను. మన దేశమున 1901 మొదలు 2018 వరకు సుమారు 0.7 డిగ్రీలు పెరిగినట్లు భారత ప్రభుత్వపు శాస్త్రజ్ఞులు 2020లో ప్రకటించిరి. వేడి ఒక డిగ్రీ పెరిగినప్పుడు గాలి సుమారు నూటికి 7 వంతులు ఎక్కువ ఆవిరిని మోయగలదు. దీనినొక పెద్ద కడవతో పోల్చుడు. పెద్ద కడవ నిండుటకు ఆలస్యమగును. అందుచే వానలేని దినములు పెరుగును, నేల తడి లాగబడును. ఆ కడవ ఒరిగినచో నీరంతయు ఒక్కసారి కుమ్మరింపబడును.

లెక్కలు ఈ మాటనే బలపరచుచున్నవి. 1951 మొదలు 2015 వరకు మన దేశపు నైరుతి వానలు నూటికి 6 వంతులు తగ్గినవి. అదే కాలమున మధ్య భారతమున విస్తారమైన అతివృష్టి ఘటనలు మూడు రెట్లయినవని 2017లో శాస్త్రజ్ఞులు తెలిపిరి. వాన తగ్గినది, కుంభవృష్టి పెరిగినది. నీరటి తాత చెప్పిన పొద్దుల లెక్క తారుమారైనది.

మన రెండు నదులలో దీని ఫలము చూడుడు. 2015లో వానలు లేక గోదావరికి ఉపనదియైన మంజీర ఎండిపోయెను. ఆ నది సీమయందలి లాతూరు పట్టణమునకు 2016 ఏప్రిలులో రైలు పెట్టెలలో త్రాగునీరు తెచ్చిరి. 2022 జూలై 16న అదే గోదావరి భద్రాచలమున 71.3 అడుగులకు పొంగెను. 1986లో నది 75.6 అడుగులకు పెరిగినది ఆగస్టు నెలలో. 2022లో ఆషాఢము దాటక మునుపే అంత నీరు వచ్చెను.

2023వ సంవత్సరపు ముచ్చట మరింత వింత. జూలై 27 ఉదయమునకు ముగిసిన ఒక్క దినములో, రామప్ప చెరువున్న వెంకటాపూర్ మండలముననే, లక్ష్మీదేవిపేటలో 649.8 మిల్లీమీటర్ల వాన కురిసెను. తెలంగాణమున ఏడాది సగటు వాన సుమారు 900 మిల్లీమీటర్లు. అందులో మూడింట రెండు వంతులకు మించి ఒక్క పగలు రాత్రిలో! మోరంచ వాగు పొంగి మోరంచపల్లి ప్రజలు ఇండ్ల కప్పులెక్కిరి. జంపన్న వాగు ప్రాణములను బలిగొనెను. మన భద్రకాళి చెరువు కట్టకు గండి పడెను. తరువాతి నెల ఏమయ్యెను? ఆ ఆగస్టు దేశమంతటను 1901 నుండి నమోదైన ఆగస్టులలో అత్యంత శుష్కమైనది. నాటులు వేసినవారు మబ్బుకై తలలెత్తిరి. ఋతువు ముగిసిన పిదప తెలంగాణపు మొత్తము కూడి చూడగా, సాధారణమునకు తక్కువ కాదు. పద్దు సరిపోయినది, రైతు మాత్రము నష్టపోయెను.

మన జంపఖానాల పనివారికి ఇది వేరుగా చెప్పనక్కరలేదు. ఏడాదికి కావలసిన నూలంతయు ఒక్కనాడు బండిలో తెచ్చి ముంగిట వానలో కుమ్మరించి పోయినచో, తూకము సరిపోయినదని మగ్గము నడచునా? నూలు దాచుటకు కొట్టుగది ఉండవలెను. దినమునకు తగినంత తీసికొనుటకు వీలుండవలెను. నీటికి చెరువే కొట్టుగది.

తరువాతి ఏండ్లును తీరు మార్చుకొనలేదు. 2024 సెప్టెంబరు 1న మున్నేరు పొంగి ఖమ్మమును ముంచెను. మహబూబాబాదు వైపు రైలుకట్ట కొట్టుకొనిపోయెను. 2025 అక్టోబరు 28 రాత్రి తీరము దాటిన మొంథా తుఫాను, మరునాడు ఓరుగల్లు హనుమకొండ వీధులను చెరువులు చేసెను. అది స్వాతి కార్తె. వరి కోతకు వచ్చి, పత్తి విచ్చి, ధాన్యము కళ్ళములందున్న సమయము.

ఇంతవరకు ఆకాశపు తప్పును చెప్పితిని. ఇక మన తప్పును, అందులో నా పాలును చెప్పకున్నచో ఈ లెక్క దొంగలెక్క యగును.

2016 వేసవిలో మా ఇంటి దాపున నున్న ఒక నేతపని యువకుడు నగరపు అంచున నూరు గజముల స్థలము కొనబోవుచు నన్ను వెంట తీసికొనిపోయెను. అది ఒక చిన్న కుంట శిఖము. పాత లెక్కలలో అది నీటి నేల యని నాకు తెలియును. కాని రెండేండ్లుగా చుక్క లేదు. మట్టి బీటలు వారి, పిల్లలు బంతులాట లాడుచుండిరి. "ఇక్కడికి నీళ్ళొస్తయా కాకా?" అని అతడడిగెను. "రెండేండ్లుగా రాలేదు గదా" అంటిని. వద్దు అనవలసిన చోట నేను ఆ మాటతో సరిపుచ్చితిని. అతడు ఇల్లు కట్టెను. గుంట మగ్గము పెట్టుకొనెను. 2023 జూలైలో ఆ గుంటలోనికే మొదట నీరు వచ్చెను. సగము నేసిన జంపఖానా, పడుగు, అద్దిన నూలు బురదపాలయ్యెను. నేను పోయి చూచి తలవంచుకొని నిలిచితిని. అతడు నన్ను నిందింపలేదు. "కాయితంల ఏమున్నా, నీళ్లకు సదువు రాదు గదా కాకా" అనెను.

ఆ మాట నన్ను నేటికిని విడువలేదు. కాగితము చదువ వచ్చినవాడను నేను. నీటి నేల యని అందు వ్రాసియుండగా, రెండేండ్ల ఎండను నమ్మి ఎనిమిది వందలేండ్ల అనుభవమును మరచితిని. కరువు కాలమున చెరువు చచ్చినట్లు కనబడును, అది నిద్రించుచున్నది. వానలు మునుపటివలె క్రమముగా వచ్చు దినములలో కుంటలు పూడ్చినను ఎట్లో గడచెడిదేమో. కుంభవృష్టి పెరిగిన ఈ దినములలో ఒక్కొక్క కుంట, ఒక్కొక్క కాలువ మునుపటికంటె ఎక్కువ అవసరము. సరిగా ఈ కాలముననే మనము వానిని పోగొట్టుకొనుచున్నాము.

మేలైన యత్నములు లేకపోలేదు. 2015 మార్చిలో ఆరంభమైన మిషన్ కాకతీయ క్రింద తెలంగాణమందలి 46 వేలకు పైబడిన చెరువుల పునరుద్ధరణకు పూనుకొనిరి. అనేక గ్రామములలో పూడిక మట్టి రైతుల చెలకలకు చేరెను. భద్రకాళి చెరువును 2024 నవంబరులో ఖాళీచేసి పూడికతీతకు పూనుకొనిరి. కాని పూడిక తీసినంత మాత్రమున చాలదు. చెరువులోనికి నీరు తెచ్చు కాలువ, మిగులు నీరు పోవు మత్తడి దారి, శిఖము హద్దు, ఈ మూడును నిలువవలెను. నోరు మూసి, కడుపు కోసి, చెరువును బ్రతికించితిమనుట హాస్యాస్పదము. భూగోళపు వేడిని తగ్గించుట మన ఒక్క వాడ చేతిలో లేదు. మన కాలువను మూయకుండుట మన చేతిలోనే యున్నది.

చివర నొక విన్నపము. రజతోత్సవ స్మారకముగా శిలాఫలకము వేయవలెనని కొందరు సభ్యులు తలపెట్టినట్లు విన్నాను. మంచిదే. దానితోపాటు మన గ్రంథాలయపు ఆవరణములో ఒక వానకొలత పాత్రను పెట్టింతము. ప్రతిదినము ఉదయమున ఒక విద్యార్థి దానిని చూచి, ఒక పుస్తకమున తేదీ, కార్తె, వాన, వానపడిన గంటలు వ్రాయవలెను. ప్రక్కగడిలో మన వాడ బావులలో నీటి లోతును నెలకొకసారి గుర్తింపవలెను. కౌటిల్యుడు కోష్ఠాగారమున కుండమును పెట్టుమనెను. మన కోష్ఠాగారము ఈ గ్రంథాలయమే. పాత్ర వెల స్వల్పము. దానిని, మొదటి పుస్తకమును నేను సమర్పించుకొందును. మొదటి సంవత్సరము లెక్క నేనే వ్రాసి, పిల్లలకు నేర్పుదును.

ఇరువదియైదేండ్లకు ఈ గ్రంథాలయము స్వర్ణోత్సవము జరుపుకొనునాడు, మనలో కొందరము ఉండకపోవచ్చును. ఆ పుస్తకము మాత్రము ఉండును. నూరు గజముల స్థలము కొనబోవు యువకుడెవడైనను వచ్చి, ఇక్కడికి నీళ్ళొస్తయా యని అడిగినచో, ఎవరి మొగమోటమును లేక ఆ పుస్తకమే సమాధానము చెప్పవలెను.